నిఖానామా రాయించే ముందు

విశాఖపట్నం పాతనగరంలో నిఖా కుదిరిన ఇంట విందు లెక్కలపై ఉన్నంత శ్రద్ధ పెళ్లి ఒప్పంద పత్రమైన నిఖానామాపై ఉండదు. ఆ కాగితాన్ని ఖాజీ వద్ద నుంచి ముందే తెచ్చుకుని, పెద్దలతోపాటు పెళ్లికూతురు కూడా చదవాలి.

వరుడు వధువుకు ఇవ్వవలసిన మెహర్ గడిలో మొక్కుబడి మొత్తం వేయకుండా, వెంటనే ఇచ్చేదెంతో, తర్వాత ఇవ్వవలసినదెంతో విడివిడిగా, వీలైతే బంగారం గ్రాముల్లో రాయించడం మేలు. రూపాయి విలువ ఇరవై ఏళ్లకు అలాగే ఉండదు కదా. చదువు, ఉద్యోగం కొనసాగించే షరతులతోపాటు, నిర్దిష్ట పరిస్థితుల్లో భార్యే విడాకులు తీసుకునేలా భర్త తన అధికారాన్ని అప్పగించే తఫ్వీజ్ షరతునూ చేర్చవచ్చు. ఇది కొత్త పోకడేమీ కాదు, ఇస్లామీయ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ న్యాయశాస్త్రం ఎప్పటినుంచో అంగీకరించినదే.

ఒకేసారి ముమ్మారు చెప్పే తలాఖ్‌ను 2017లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, 2019 చట్టం నేరంగా మార్చింది. సాక్షుల సంతకాలయ్యాక ఒక ప్రతి వధువు దగ్గరే ఉండాలి.