వైజాగ్ నుంచి బయట దేశం చదువుకెళ్తున్నారా, అక్కడి రూల్స్‌తో ఎలా ఉండాలంటే

ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో ఐఈఎల్‌టీఎస్, లోన్, వీసా ఇంటర్వ్యూ అన్నీ చెప్తారు, అక్కడి యూనివర్సిటీ రూల్స్ గురించి మాత్రం పెద్దగా మాట్లాడరు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుద్ది.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో అటెండెన్స్ 75 శాతం ఉండాలి, తగ్గితే 65 దాకా మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండొనేషన్ ఫీజు కడతాం, రికార్డ్ లేటైతే "ఈ ఒక్కసారికి సార్" అని స్టాఫ్‌రూమ్ బయట నిలబడతాం, సార్ తిట్టి తీసేసుకుంటారు. ఇది చెడ్డదని నేననను, ఇంటి పరిస్థితి తెలిసిన సార్ వల్ల చదువు ఆగకుండా గట్టెక్కిన పిల్లలు బోలెడుమంది. కాకపోతే అక్కడ ఆ సడలింపు కూడా రూల్‌లోనే రాసుంటుంది, అడగాల్సింది డెడ్‌లైన్ దాటకముందు.

అందుకని మొదటి వారంలోనే ప్రతి కోర్సు సిలబస్ పూర్తిగా చదవండి. అమెరికాలో అయితే డెడ్‌లైన్లు, లేటైతే ఎన్ని మార్కులు కోస్తారు, ఏఐ వాడొచ్చా లేదా, మామూలుగా అన్నీ దాన్లోనే ఉంటాయి. యూకేలో జ్వరమొచ్చి రాయలేకపోతే దానికో ఫామ్ ఉంటుంది, మామూలుగా ఆధారాలతో ఆన్‌లైన్‌లో పెట్టాలి. ప్రొఫెసర్ పేరు పెట్టి పిలవమన్నారు కదా, నవ్వుతూ మాట్లాడుతున్నారు కదా అని డెడ్‌లైన్ వదిలేస్తారనుకోకండి.

జర్మనీ ఇంకో రకం. చాలా లెక్చర్లకి అటెండెన్సే తియ్యరు, టైమ్ పక్కన సి.టి. అని ఉంటే 15 నిమిషాలు ఆగి మొదలెడతారు, అబ్బా ఎంత ఫ్రీ అనిపిస్తుంది. కానీ పరీక్షకి గడువులోపు మనమే రిజిస్టర్ చేసుకోవాలి, ఎవరూ గుర్తుచెయ్యరు, కంపల్సరీ పేపర్ చాలాచోట్ల మూడుసార్లు తప్పితే ఆ డిగ్రీ చదువే పోతుంది.

ఇక కాపీ సంగతి, ఇది మాత్రం నిదానంగా చదవండి. మన దగ్గర ఫ్రెండ్‌కి అసైన్‌మెంట్ ఇవ్వకపోతే స్వార్థపరుడంటారు, సీనియర్ రికార్డ్ చూసి రాయడం అందరూ చేసేదే. అక్కడ ఇచ్చినవాడి మీద కూడా యూనివర్సిటీ చర్య తీసుకోవచ్చు. పక్కూరి కుర్రాడు అర్ధరాత్రి ఫోన్ చేసి ఫైల్ పంపరా అని ఏడ్చినా పంపకండి, కూర్చోబెట్టి కాన్సెప్ట్ చెప్పండి, అది కూడా కలిసి చర్చించుకోవచ్చని సిలబస్‌లో ఉంటేనే. వెబ్‌సైట్‌లో పేరా మాటలు మార్చి రాసినా సోర్స్ పెట్టాలి, మీరే పోయిన సెమిస్టర్‌లో రాసింది మళ్లీ ఇచ్చినా చాలాచోట్ల తప్పే. మన ఇంటర్ పరీక్షలకి స్క్వాడ్లు తిరుగుతాయి, అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో 1893లోనే ఆనర్ కోడ్ (నిజాయితీగా రాస్తామన్న ఒప్పందం) పెట్టి కాపీ కొట్టలేదని స్టూడెంట్ చేతే సంతకం చేయించుకున్నారు. కాపలా లేదు కదా అని తేలిగ్గా తీసుకుంటే చాలా నష్టపోతారు, అమెరికాలో సస్పెండ్ అయితే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్ కూడా పోవచ్చు.

ఒకవేళ కాపీ కొట్టారని యూనివర్సిటీ నుంచి నోటీస్ మెయిల్ వస్తే నాన్నగారి చేత ఫోన్ చేయించడం, ప్రొఫెసర్ రూమ్‌కెళ్లి బతిమాలడం చెయ్యకండి. మెయిల్‌లో ఇచ్చిన తేదీ చూసుకుని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీస్‌కి వెళ్లండి, యూకేలో అయితే స్టూడెంట్స్ యూనియన్ వాళ్ల సలహా తీసుకోండి, తర్వాత రాతపూర్వకంగా జవాబివ్వండి. అప్పుడు మిమ్మల్ని కాపాడేది మీ డ్రాఫ్టులే, కాబట్టి మొదటి అసైన్‌మెంట్ నుంచే గూగుల్ డాక్స్‌లో రాయండి, పాత వెర్షన్లు ఏవీ డిలీట్ చెయ్యకండి.