ఫ్రీజర్‌లో పెట్టిన ఆకుకూర ఎందుకు పాడవుతోంది? సమస్య - పరిష్కారం

జనవరిలో మిద్దె మీద పాలకూర, మెంతికూర కోసినకొద్దీ వస్తాయి, చుట్టుపక్కల వాళ్లకి పంచినా ఇంకా మిగులుతాయి, అదే మే నెల బెజవాడ ఎండకి కుండీలో ఒక్క పాలకూర ఆకు నిలవదు. అందుకే ఫ్రీజ్ చేసుకునేది. కడగడం, పండాకులు ఏరడం, ముదురు కాడలు తీసేయడం అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోవట్లేదు.

అన్నిటికంటే ముందు ఫ్రీజర్ నిజంగా చల్లగా ఉందో లేదో చూడండి. కవర్ మంచిది కాదేమో, విత్తనం మంచిది కాదేమో అని అన్నీ అనుమానిస్తారు గానీ ఇది మాత్రం చూడరు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే రాత్రి ఒక ఐస్‌క్రీమ్ కప్పు పెట్టి పొద్దున్నే స్పూన్ గుచ్చండి, మెత్తగా దిగిపోయిందంటే ఆ ఫ్రీజర్‌లో ఆకుకూర నెలల తరబడి బాగుండదు. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న అర చాలావరకు ఇంతే, అందులో పెట్టినవి రెండు మూడు వారాల్లో వాడేసుకోండి.

రంగు మాడిపోయింది, ఎండుగడ్డి వాసన, కాస్త చేదు

పచ్చి ఆకు అలాగే కవర్లో వేసి పెట్టేస్తే ఇది తప్పదు. గడ్డకట్టినా ఆకులో ఎంజైమ్‌లు ఆగవు, నెమ్మదిగా పని చేస్తూనే ఉంటాయి, రంగూ రుచీ రెండూ తినేస్తాయి. మరిగే నీళ్లలో 2 నిమిషాలు ముంచి తీస్తే అవి చస్తాయి, ఇది చాలామందికి తెలుసు.

అసలు తిరకాసు ఎక్కడంటే "మేం రెండు నిమిషాలు ముంచే పెట్టామండీ, అయినా గడ్డి వాసనే" అనే వాళ్ల దగ్గర. చిన్న గిన్నెలో నీళ్లు మరిగించి బుట్టెడు ఆకు ఒకేసారి కుక్కేస్తారు, వేయగానే మరుగు ఆగిపోతుంది, మళ్లీ తెర్లేసరికే వీళ్ల రెండు నిమిషాలు అయిపోతాయి. పైగా నీళ్లు తగిలీ తగలకముందే ఆకు నిగనిగలాడే పచ్చరంగుకి మారిపోతుంది కదా, అది చూసి అయిపోయిందనుకుని తీసేస్తారు, ఆ రంగే మోసం చేసేది. లోపల ఎంజైమ్‌లు చావకపోగా ఆ కాస్త వేడికి ఇంకా రెచ్చిపోతాయి, అందుకే సగం ముంచిన ఆకు పచ్చిగా పెట్టిన దానికంటే తొందరగా పాడవుతుంది.

కాబట్టి అరకిలో ఆకుకి కనీసం 4 లీటర్ల నీళ్లు పెట్టండి. ఆకు వేసి మూత పెట్టాక నిమిషంలోపే మళ్లీ తెర్లాలి, లేదంటే ఆకు ఎక్కువేసినట్టే, తర్వాతి వాయికి తగ్గించండి. లెక్క మొదలుపెట్టాల్సింది ఆకు వేసినప్పుడు కాదు, మళ్లీ తెర్లినప్పుడు. పాలకూర ముద్దలా అంటుకుపోతుంది, గరిటెతో విడదీస్తూ ఉండాలి. తీసే ముందు ఆ ముద్ద మధ్యలోంచి ఒక ఆకు లాగి ఈనె వంచి చూడండి, పుటుక్కున విరిగితే ఇంకా పచ్చిదే, బట్ట పేలికలా వాలిపోవాలి.

కరిగాక జావలా అయిపోతోంది

చల్లార్చడంలో లోపం. ట్యాంకు నీళ్లు ఎండాకాలం కుళాయి తిప్పితే చెయ్యి కాలేలా వస్తాయి, వాటిలో వేస్తే ఆకు ఉడుకుతూనే ఉంటుంది. ఐస్ ముక్కలు వేసిన నీళ్లే కావాలి, ఎంతసేపు ముంచారో అంతసేపు చల్లార్చాలి. ఇంకోటి, ఫ్రీజర్ నిండా ఒకేరోజు పెట్టకండి, గడ్డకట్టడం ఆలస్యమైతే పెద్ద పెద్ద ఐస్ పలుకులు కట్టి ఆకుని చీల్చేస్తాయి.

రాయిలా గడ్డకట్టింది, కత్తి కూడా దిగట్లేదు

నీళ్లు పిండలేదు, అంతే. గుప్పిట్లో పట్టి గట్టిగా పిండండి, ఒక పూట పప్పుకి సరిపడా జిప్ కవర్లో వేసి అరచేత్తో చపాతీ మందాన అదమండి, గాలి కూడా పోతుంది. తెల్లటి ఎండు మచ్చలు వచ్చేది ఆ గాలి వల్లే, తింటే ఏం కాదు, రుచి ఉండదు, ఆ ముక్క తీసేయండి.

గోంగూర గోధుమ రంగుకి తిరిగింది

అది పాడవడం కాదండీ. గోంగూరలో పులుపుకి వేడి తోడైతే ఆ రంగే వస్తుంది, మన పచ్చడి రంగు అదే కదా. గోంగూర, చుక్కకూర అసలు మరిగే నీళ్లలో ముంచకండి, పులుపంతా నీళ్లపాలవుతుంది. కాస్త నూనెలో మగ్గించి, బాగా చల్లారాక ముద్దగా పెట్టుకోండి. కొత్తిమీర, కరివేపాకు కూడా ముంచక్కర్లేదు, కడిగి తడి లేకుండా ఆరబెట్టి పెట్టేయడమే.

కరెంటు పోయి లోపల కరిగిందేమోనని అనుమానమా, గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి ఉంచండి, ఊరెళ్లొచ్చాక బిళ్ల అడుగున కనిపిస్తే మొత్తం కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు, ఆ కూర పారేయండి. 

వండేటప్పుడు బయట పెట్టి కరిగించే పని లేదు, పప్పు ఉడుకుతుండగా గడ్డ విరిచి అలాగే వేసేయండి, ముందే సగం ఉడికింది కాబట్టి నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది.