54 మి.మీ. బొమ్మ ముఖంలో జీవం రాకపోతే: సమస్య - పరిష్కారం

1757 నాటి బొబ్బిలి యుద్ధ సైనికుడి 54 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మకు రంగులు వేసేటప్పుడు తలపాగా, కత్తి, నడికట్టు చక్కగా కుదిరినా, పని చెడేది ముఖం దగ్గరే. ఆ కొలతలో తల సుమారు 7 మిల్లీమీటర్లు, కన్ను వెడల్పు 1 మిల్లీమీటరు కూడా ఉండదు.

సమస్య: ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.
వెలుగు పడే చోట్ల చర్మపు రంగులో తెలుపు కలపడమే ఇందుకు కారణం. పైగా ‘ఫ్లెష్’ పేరుతో దొరికే సీసాలు ఎక్కువగా ఐరోపావారి మేనిఛాయకు తయారైనవి కాబట్టి బొబ్బిలి సిపాయికి అవి నప్పవు. బర్న్ట్ సియెనా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) కలిపి మూలవర్ణం వేసి, వెలుగుకు ఆకర్‌ను పెంచి, నీడకు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) వాడాలి. ఇప్పటికే తెల్లబారిన ముఖాన్ని కడిగేయనక్కరలేదు. బాగా పలుచన చేసిన సియెనాను, కుంచెను కాగితంపై అద్ది, ప్రతి పూత ఆరాక మరొకటిగా రెండు మూడుసార్లు పూస్తే రంగు తిరిగి వెచ్చబడుతుంది.

సమస్య: కళ్లు మిడిగుడ్లలా ఉన్నాయి.
ఈ బొమ్మను 30 సెంటీమీటర్ల నుంచి చూడడమంటే నిజమైన మనిషిని దాదాపు 10 మీటర్ల నుంచి చూడడమే. అంత దూరంలో కంటి తెలుపు మనకు తెల్లగా కనిపించదు, నల్లగుడ్డు పూర్తి వలయంగా అసలే కనిపించదు. అందువల్ల తెలుపుకు బదులు బూడిద కలిసిన లేత గోధుమరంగు వేసి, గుడ్డును పైరెప్పకు ఆనించి, ఆ రెప్ప కింద ముదురు గోధుమ గీత గీయాలి. చూపు కాస్త పక్కకు తిప్పితే రెండు కళ్లూ కుదరడం తేలిక. కళ్లను ముందే వేసుకుంటే, దాటిన రంగును చర్మపు రంగుతో సరిచేయవచ్చు. ఈ వరుసను తలకిందులు చేసి నేను పాడుచేసిన ముఖాలు తక్కువేమీ కావు.

సమస్య: గీత మధ్యలోనే తెగుతోంది.
అతి సన్నని 000 నంబరు కుంచెలో రంగు నిలవదు, వేసవిలో ఫ్యాను కింద మరీ త్వరగా ఆరిపోతుంది. మొన తేలిన 0 లేదా 1 నంబరు కుంచె తీసుకొని, తడి స్పాంజిపై బేకింగ్ పేపరు పరిచి దాని మీద రంగు కలుపుకోవాలి.

సమస్య: చర్మం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది.
తేమ గాలిలో స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలిపూత) కొడితే ఇలా అవుతుంది. విజయనగరంలో వానలు మొదలైంది లగాయతు దసరా తర్వాత జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం దాకా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఆ రోజుల్లో స్ప్రే మానుకొని కుంచెతో పూసేది వాడడం మేలు.

సమస్య: అంతా కుదిరినా చూపు మాత్రం నిర్జీవంగా ఉంది.
చివర్లో పూసిన మ్యాట్ (మెరుపులేని) వార్నిష్ కళ్లనూ కప్పేసింది. అది పూర్తిగా ఆరాక ఒక్కొక్క కంటిపై గ్లాస్ (మెరిసే) వార్నిష్ చుక్క పెట్టాలి.