గాలివాన రాకముందే చైన్‌సా ట్యాంకు ఒంపి చూసుకోండి

మా అనంతపురం వైపు చైన్‌సాకు ఏడాదిలో ఎక్కువ నెలలు సెలవే. చీనీ (బత్తాయి) తోటలో ఎండుకొమ్మలు కోసేశాక గోనెసంచిలో చుట్టి షెడ్డు మూలన పడేస్తాం. మళ్లీ మే నెలలో ఒక సాయంత్రం గాలి లేచి, బండ్ల బాటకు అడ్డంగా వేపమాను పడినప్పుడు గాని అది గుర్తుకు రాదు. అప్పుడు బయటికి తీసి తాడు లాగుతాం. ట్యాంకులో సగం పెట్రోల్ ఎలాగూ ఉంటుంది. ఆ సగం పెట్రోల్ గురించే ఇదంతా.

రెండేళ్ల కింద నా మిషన్ అలాగే పోయింది. అక్టోబరులో పోసిన పెట్రోల్ మే దాకా ట్యాంకులోనే ఉంది. మొదట అంటుకోలేదు. పైకీ కిందికీ బాగా ఊపి, చోక్ వేసి లాగితే అంటుకుంది. కోత బాగానే మొదలైంది. చింతమాను మొదట్లో బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ) సగం దిగేసరికి శబ్దం సన్నగా కీచుమని, ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత తాడు లాగితే కదిలితే ఒట్టు. మెకానిక్ సైలెన్సర్ విప్పి, ఆ కంతలోంచి టార్చి వేసి చూపించాడు. పిస్టన్ మీద గోరుతో గీరినట్టు నిలువు చారలు. చైన్‌సాది టూ స్ట్రోక్ ఇంజన్, లోపలి భాగాలకు జిడ్డు అందేది పెట్రోల్‌లో మనం కలిపే 2టీ ఆయిల్ వల్లే.

"ఏందన్నా, ఆయిల్ కలపకుండా ఆడించినావా?"

"కలిపినానప్పా, నా చేత్తోనే కలిపినా."

అతను ఇంకేం మాట్లాడకుండా ట్యాంకులో మిగిలింది గాజుసీసాలోకి ఒంపి గట్టు మీద పెట్టాడు. కాసేపటికి అది రెండుగా విడిపోయింది. పైన 2టీ ఆయిల్ రంగుతో పచ్చగా పెట్రోల్, అడుగున వేలెడు మందాన తేటగా ఇంకేదో. "ఆయిలంతా పైనే ఉండాది చూడు. నీ మిషన్ తాగింది ఈ కిందిది" అన్నాడు. చైన్‌సా ట్యాంకులో పైపు చివర బరువైన ఫిల్టర్ ఉంటుంది. మిషన్ ఎటు వంచినా అది అడుక్కే జారుతుంది. అంటే ఆయిల్ లేని ఆ తేట ద్రవమే ముందు కార్బొరేటర్‌కు చేరుతుంది. ఆ అడుగు పొరలో ఉన్నది నీళ్లూ, బంకు పెట్రోల్‌లో కలిపి వచ్చే ఇథనాల్ అనే ఆల్కహాలూ. ఊపినప్పుడు తాత్కాలికంగా కలిసి అంటుకుంది గాని, పనిలో మళ్లీ విడిపోయింది.

ఇప్పుడు బంకులో మనకు దొరికేది చాలావరకు ఇ20, అంటే వంద పాళ్లలో ఇరవై పాళ్లు ఇథనాల్. 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. 2022 నాటికి దేశమంతా 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఇ20ని ప్రారంభించారు, 2025కల్లా 20 శాతానికి వచ్చేశాం. అది దేశానికి మంచిదా కాదా అన్న వాదన వేరే. ప్రీమియం అని ఎక్కువ రేటు పెట్టి కొన్నా ఇథనాల్ ఉండదని అనుకోవద్దు, బంకులో అడిగి కొనండి. ముందుగా మీ మిషన్‌తో వచ్చిన పుస్తకం తీసి చూడండి. చాలా కంపెనీలు చిన్న ఇంజన్లకు ఇ10 వరకే అని రాస్తాయి. ఇ20 పనికొస్తుందని రాసి ఉంటే సంతోషం. రాయకపోతే కింద చెప్పేవన్నీ మీకు రెట్టింపు అవసరం.

"మనది కరువు సీమ, ఇక్కడ తేమ ఎక్కడిదిలే" అని నేనూ అనుకున్నాను. అందులో సగం నిజముంది. మూత బిగించిన ట్యాంకులోకి గాలి తేమ ఒక్కటే వచ్చి ఇంత పని చేయదు. నా విషయంలో నీళ్లు వచ్చింది క్యాన్‌లోంచి. ఆ అక్టోబరులోనే క్యాన్ మురికిగా ఉందని బోరు దగ్గర కడిగి, బోర్లించి, ఆరిందనుకొని పెట్రోల్ పట్టించాను. లీటరుకు రెండు మూడు టీచెంచాల నీళ్లు చాలు, పెట్రోల్ విరగడానికి, అంటే అలా రెండు పొరలుగా విడిపోవడానికి. మామూలు పెట్రోల్‌లో పడిన నీళ్లు ఒక బొట్టుగా అడుగున కూర్చుంటాయి, వాటి వరకే తీసేయొచ్చు. ఇథనాల్ ఉన్నదాంట్లో అవి మొదట కరిగిపోతాయి, కంటికి ఏమీ కనపడదు. హద్దు దాటగానే ఇథనాల్‌ను కూడా లాక్కొని అడుగుకు దిగుతాయి. చలి పెరిగే కొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. పగలు రేకుల కింద కాగిపోయి, మార్గశిరం రాత్రి చల్లబడే షెడ్డులో ఈ విరగడం ఇంకా తేలిక. తడి గరాటు, వానలో మూత తీసిన ట్యాంకు, సగం ఖాళీగా ఉంచిన క్యాన్, ఇవన్నీ ఒకే కోవ.

నమ్మకం కుదరకపోతే మీరే చేసి చూడండి. ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా, సన్నని పొడుగు గాజుసీసాలో సిరంజితో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఆ మట్టానికి బయట పెన్నుతో గీత పెట్టండి. దాని మీద 100 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి, మూత బిగించి నెమ్మదిగా కలిపి, మధ్యలో ఒకసారి మూత వదులు చేసి ఆవిరి పోనిచ్చి, పావుగంట పక్కన పెట్టండి. అడుగు పొర గీత దాటి దాదాపు మూడింతలు అవుతుంది. పెరిగిందంతా పెట్రోల్ నుంచి నీళ్లలోకి దిగిన ఇథనాలే. కొందరు ఇలా కడిగి తీసిన పైపొరను "ఇథనాల్ లేని పెట్రోల్" అంటూ మిషన్‌లో పోస్తారు. అది చేయకండి. ఇంజన్ కొట్టుకోకుండా కాపాడే గుణాన్ని ఆక్టేన్ అంటారు. అందులో కొంత ఇథనాల్ వల్లే వస్తుంది, దాంతోపాటే పోతుంది, ఇంజన్ కొట్టుకుంటుంది.

నీళ్లు లేకపోయినా ఇంకో చిక్కుంది. పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే పాత పెట్రోల్‌కు సెట్ చేసిన కార్బొరేటర్‌లో ఇ20 పోస్తే గాలి ఎక్కువై, మిశ్రమం పలచబడుతుంది. కారులోనో కొత్త బైకులోనో సెన్సర్ చూసుకొని సరిచేసుకుంటుంది. మన చైన్‌సాకు ఉండేది రెండు మూడు స్క్రూలు. పలచబడితే ఇంజన్ వేడెక్కుతుంది, చెవులకు గుచ్చుకునేలా కీచుమంటుంది. మనమేమో "భలే స్పీడుగా ఆడుతోంది" అని మురిసిపోతాం. ప్లగ్ విప్పి చూస్తే తెలిసిపోతుంది: కాఫీపొడి రంగు అయితే సరే, సున్నంలా తెల్లగా ఉంటే పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. హెచ్ అని రాసిన స్క్రూను గడియారానికి ఎదురు దిశలో కొద్దికొద్దిగా తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. అలవాటు లేనివాళ్లు మెకానిక్ చేతే చేయించండి. కొన్ని కొత్త మిషన్లలో ఆ స్క్రూలకు టోపీలుంటాయి, వాటిని పీకకూడదు.

దీనికన్నా నాకు భయం ఐడిల్ గురించి, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే ఆడే వేగం గురించి. ఇథనాల్ పాలు పెరిగినప్పుడు చిన్న ఇంజన్లలో ఐడిల్ వేగం పెరిగి, ఇంజన్‌ను చైన్‌తో కలిపే క్లచ్ దానంతటదే పట్టుకునే ప్రమాదముంది. చైన్‌సాలో అంటే చేయి రేస్ మీద లేకున్నా చైన్ తిరుగుతుందన్నమాట. అమెరికాలో 10 శాతానికి మించి ఇథనాల్ ఉన్న పెట్రోల్‌ను చైన్‌సాలు, గడ్డికోత మిషన్లలో వాడనీయకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. మనం ఇరవై దగ్గరున్నాం.

కలిపే దగ్గర మా ఊళ్లో జరిగేది చెప్తే నవ్వొస్తుంది. ఒకాయన ఆయిల్ డబ్బా మూతతో కొలుస్తాడు, ఇంకొకాయన "రంగు చూసి" పోస్తాడు. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, అయిదు లీటర్లకు 100. 25:1 అంటే లీటరుకు 40. మీ మిషన్‌కు ఏదో పుస్తకం చెబుతుంది. కంపెనీ సొంత ఆయిల్‌కు 50:1 అని, బయటి ఆయిల్‌కు 25:1 అని విడివిడిగా రాసేవాళ్లూ ఉన్నారు, కాబట్టి రెండు వరుసలూ చదవండి. గాలితో చల్లబడే ఇంజన్లకు పనికొచ్చే 2టీ ఆయిలే పోయాలి. బైకు ఇంజన్ ఆయిల్, ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఆయిల్ పనికిరావు. కొలతకు సిరంజి వాడండి. పురుగుమందు కొలిచే గ్లాసు మాత్రం ఎంత కడిగినా వద్దు. ఒక నెలలో అయిపోయేంతే కలపండి. తోటలో రెండు రోజుల పనికి అయిదు లీటర్లు కలిపి మిగిల్చుకోవడం నా పాత అలవాటు. ఇప్పుడు లీటరు, లేకపోతే రెండు లీటర్లు.

నిలవకు ఇనుప క్యాన్ మంచిది. చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా సొంత వాడకానికి మొత్తం 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. ఒక్కో లోహపు క్యాన్ 25 లీటర్లకు, గాజుసీసా లీటరుకు మించకూడదు. కూల్‌డ్రింక్ సీసాల్లో తెచ్చుకోవడం మానేయాలి. పిల్లలున్న ఇంట్లో అది ఇంకా ఘోరం. క్యాన్ నీడలో, దాదాపు నిండుగా, మూత బిగించి ఉంచండి. దాని మీద కలిపిన తేదీ సుద్దతోనో మార్కర్‌తోనో రాయండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు.

రబ్బరు సామాను సంగతి. ఇథనాల్‌కు కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని కట్టెలా గట్టిపడతాయి. పెట్రోల్ పైపును వేళ్లతో నొక్కి చూడండి: జిగటగా అనిపించినా, వంచితే పగుళ్లు కనపడినా మార్చాల్సిందే. పెట్రోల్ ఎక్కించడానికి వేలితో నొక్కే ప్రైమర్ బుడ్డ కూడా అంతే. కొత్త పైపు కొన్నప్పుడు అంగుళం ముక్క కోసి రాత్రంతా పెట్రోల్‌లో నానబెట్టి, పొద్దున మిగిలిన పైపు పక్కన పెట్టి చూడండి. లావెక్కితే ఆ పైపు తిరిగిచ్చేయండి. పది రూపాయలు తక్కువని కొన్న పైపు చివరికి డయాఫ్రం (కార్బొరేటర్‌లో ఉండే పలచని పొర) ఖర్చు తెచ్చిపెట్టింది నాకు. పాత మిషన్‌లో కొత్తగా ఇ20 పోస్తున్నవాళ్లకు ఇంకో మాట: ఇథనాల్ ట్యాంకు గోడల జిడ్డునంతా కడిగి తెస్తుంది. మొదటి రెండు మూడు ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చండి.

నిలవ ఉంచితే పాడుకాదని అమ్మే మందులు పెట్రోల్ పాతబడటాన్ని కొంత ఆపుతాయి. విరిగిన పెట్రోల్‌ను మళ్లీ కలిపే మందు మాత్రం ఏదీ లేదు. విరిగింది విరిగిందే.

పని అయిపోయి నెల రోజులు మించి పక్కన పెడుతుంటే ట్యాంకు పూర్తిగా ఒంపేయండి. తర్వాత మిషన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో దానంతటదే ఆగేదాకా ఆడనివ్వండి, కార్బొరేటర్‌లో మిగిలింది కూడా కాలిపోతుంది. అలా ఎండబెడితే డయాఫ్రంలు ఒకదానికొకటి అతుక్కోవు. ఒంపిన పెట్రోల్ మంచిదైతే, ఆయిల్ కలిసిందైతే, బీఎస్6 బైకులో పోయొద్దు, దాని సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌కు ఆయిల్ పడదు. ఇంకా పాత టూ స్ట్రోక్ బైకు ఆర్ఎక్స్100ను పెళ్లికూతురిలా చూసుకుంటున్న మిత్రులెవరైనా ఉంటే వాళ్లకివ్వండి, కలిపిన లెక్క చెప్పి. విరిగినదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, బావి గట్టునా కాలువలోనా పారబోయొద్దు. మెకానిక్ షెడ్డులో పాత ఆయిల్ పోగుచేసే డ్రమ్ము ఉందేమో అడిగి అక్కడ అప్పగించండి.

గడ్డి కోసే బ్రష్‌కట్టర్‌కూ, టూ స్ట్రోక్ పవర్ స్ప్రేయర్‌కూ ఇదే వరస. సెప్టెంబరు వానలకు చీనీ పాదుల్లో గడ్డి లేచాక బ్రష్‌కట్టర్ రోజూ తిరుగుతుంది కాబట్టి దానికి నిలవ బాధ తక్కువ, డిసెంబరు తర్వాతే జాగ్రత్త. పవర్ వీడర్, చిన్న జనరేటర్ ఫోర్ స్ట్రోక్‌వి. వాటిలో పెట్రోల్‌లో ఆయిల్ కలపం కాబట్టి పిస్టన్ పట్టేసే భయం అంతగా లేదు. కార్బొరేటర్ గిన్నె అడుగున నీళ్లు చేరి తుప్పు, తెల్ల బూజులాంటి పొడి పడతాయి. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, సీజన్ చివర అది వదులు చేసి ఒంపేస్తే చాలు.

ఇక మేలో మిషన్ తీసిన రోజు. పాత పెట్రోల్ ఒంపి, గాజుసీసాలో పోసి పది నిమిషాలు చూడండి. కొత్తది పోసేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి, పోసిన చోటు నుంచి కనీసం మూడు మీటర్లు జరిగాకే స్టార్ట్ చేయండి. మే ఎండలో పెట్రోల్ ఆవిరి కంటికి కనపడకుండా నేల మీద పాకుతుంది. చైన్ బ్రేక్ వేసి, మిషన్‌ను నేల మీద ఆనించి, వెనక పిడిలో కాలు పెట్టి తాడు లాగండి. రెండు నిమిషాలు వేడెక్కాక రేస్ పూర్తిగా వదిలి, బ్రేక్ తీసి, బార్ ఏదీ తాకకుండా పట్టుకొని చైన్ చూడండి. అది నిలబడి ఉండాలి. మెల్లగా పాకుతున్నా ఐడిల్ స్క్రూ తగ్గించండి. తగ్గించినా ఆగకపోతే ఇంజన్ ఆపి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లండి. దారికి అడ్డంపడిన మాను ఆ పూటకు గొడ్డలితో కొట్టుకోవచ్చు.