రూన్‌లు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రూన్‌లంటే ప్రాచీన జర్మానిక్ ప్రజల లిపి అక్షరాలు; వాటిని చెక్కిన ముక్కలను చల్లి, కొన్నింటిని ఏరి, ప్రశ్నకు జవాబు చూసుకోవడమే రూన్‌లు వేయడం. ప్రశ్నను ముందుగా ఒకే వాక్యంలో రాసుకోవాలి. ఆశించిన జవాబు రాలేదని అదే ప్రశ్నను ఆ రోజే మళ్లీ వేయకూడదు. జబ్బు, మందులు, కోర్టు వ్యవహారాల వంటివి వైద్యుడికో న్యాయవాదికో అప్పగించాలి.

రూన్‌లను స్వయంగా చెక్కుకునేవారు యూ చెట్టు కర్ర జోలికి పోకపోవడం మంచిది, ఎందుకంటే ఆ కర్ర, ఆకు, గింజ అన్నీ విషపూరితమే. ఆపిల్ కొమ్మ చాలు. పండ్లనిచ్చే చెట్టు కొమ్మను ముక్కలుగా కోసి, గుర్తులు పెట్టి, తెల్లని గుడ్డపై చల్లి, మూడింటిని ఏరేవారని జర్మానిక్ తెగల గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సా.శ. 98 ప్రాంతంలో రాశాడు. ఆ గుర్తులు రూన్‌లేనని రుజువు లేదు గనుక, నేటి పద్ధతి యథాతథంగా ప్రాచీనమైనదని ఎవరికీ చెప్పరాదు. అన్నిటికంటే పాత రూన్ వర్ణమాల అయిన ఎల్డర్ ఫుథార్క్‌లో ఉన్నవి 24 అక్షరాలే. 25వదిగా వచ్చే, ఏ అక్షరమూ లేని ఖాళీ రాయి 1980లలో ప్రచారంలోకి వచ్చింది, దాన్ని పక్కన పెట్టడమే సబబని నా అభిప్రాయం.

ఇతరుల కోసం చెక్కేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఎగిల్ అనే కవి, యోధుడి కథ చెప్పే మధ్యయుగ ఐస్‌లాండ్ గాథ ఎగిల్ సాగాలో ఒక యువకుడు తెలిసీ తెలియక తిమింగలం ఎముకపై చెక్కిన రూన్‌లు పడకలో ఉండడం వల్ల ఒక అమ్మాయి జబ్బు ముదురుతుంది. ఎగిల్ వాటిని గీకివేసి, ఎముకను కాల్చి, పక్కబట్టలను గాలికి ఆరవేయిస్తాడు. అందువల్ల ఎదుటివారి అనుమతి లేకుండా, అర్థం తెలియని అక్షరంతో, ఏదీ చెక్కకూడదు.

లాకెట్‌గా ధరించే రూన్‌ను కూడా చూసి ఎంచుకోవాలి. సోవిలో, ఓథలా అనే రూన్‌ల రూపాలను నాజీలు వాడుకున్నారు, నాజీల సాయుధ దళమైన ఎస్.ఎస్. వాడిన జంట సోవిలో చిహ్నాన్ని జర్మనీలో బహిరంగంగా ప్రదర్శించడం చట్టరీత్యా నేరం.