చప్పట్లు ఎక్కడ వేయాలి: తొలి రాక్ అండ్ రోల్ వినే పద్ధతి

1950ల రాక్ అండ్ రోల్ మనవాళ్లకి ఒక పట్టాన ఎక్కకపోతే తప్పు ఇంగ్లీషుది కాదు, చేతి అలవాటుది. 8 లెక్కల ఆదితాళంలో దెబ్బ పడేది 1, 5, 7 మీద. అన్నీ బేసి అంకెలే. ఈ పాటల్లో డ్రమ్ము గట్టిగా మోగేది 2, 4, 6, 8 మీద. కాబట్టి 1కి మడమ నేలకి ఆనించండి, 2కి చప్పట్లు, 3కి మడమ, 4కి చప్పట్లు. నాలుగైదు పాటలకి చెయ్యి దానంతటదే దారిలో పడుతుంది.

తర్వాత 12 బార్ల లెక్క. ఈ పాటల్లో చాలావాటి చక్రం ఇదే, బారంటే లయలో ఒక చిన్న గడి. బారుకి 4 లెక్కలు, మొత్తం 48. అంటే సరిగ్గా ఆరు ఆదితాళ ఆవర్తాలు! పాట శ్రుతిని 'స' అనుకుంటే మొదటి రెండు ఆవర్తాలు 'స' మీద, మూడోది 'మ' మీద, నాలుగోది మళ్లీ 'స', ఐదోది 'ప' (కొన్ని పాటల్లో దీని రెండో సగం 'మ'కి దిగుతుంది), ఆరోది 'స'. గొంతుని వదిలేసి కింది స్వరాలు మోగించే బాస్ వెంట వెళ్తే ఈ మెట్లు తెలుస్తాయి. బిల్ హేలీ 1954లో రికార్డు చేసిన 'రాక్ అరౌండ్ ద క్లాక్'తో మొదలుపెట్టండి. మొదట గంటలు లెక్కపెట్టే భాగం ఈ చక్రంలోకి రాదు, అది అయ్యాకే వేలు ముడవండి. మధ్యలో డానీ సెడ్రోన్ గిటార్ ఎంత దూకుడుగా పరిగెత్తినా 12 బార్లకి ఇంటికి చేరుతుంది. అద్భుతమైన వాయింపు అది.

అదే ఏడాది జూలైలో మెంఫిస్‌లో ఎల్విస్ చేసిన తొలి రికార్డులో డ్రమ్మే లేదు. బిల్ బ్లాక్ బాస్ తీగలు చెక్కకి తగిలి టక్కుమనడమే ఆ పని చేస్తుంది. ఫోన్ స్పీకర్లో అది సరిగ్గా వినపడదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.

ఫోన్లో వెతికేటప్పుడు కంపెనీ పేరు చూడండి. చక్ బెర్రీకి చెస్, లిటిల్ రిచర్డ్‌కి స్పెషాల్టీ, ఫ్యాట్స్ డామినోకి ఇంపీరియల్. రిచర్డ్ 1964లో వీ-జేకి, బెర్రీ 1966–67లో మెర్క్యురీకి తమ హిట్లే మళ్లీ పాడారు. వాటిలో తొలినాటి ఊపు లేదు. మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని) దొరికితే మోనోయే వినండి. తర్వాత కృత్రిమంగా స్టీరియో చేసినవాటిలో దెబ్బ అలుక్కుపోతుంది.

బెజవాడ, గుంటూరు ఇళ్లకి అమెరికా చుట్టాలు పాత రికార్డు ప్లేయర్లు తెస్తుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 230 వోల్టుల్ని 110కి దించినా పాట సాగదీసినట్టు వస్తే, కారణం అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. కరెంటు లయతోనే తిరిగే ఏసీ మోటారైతే నిమిషానికి 45 చుట్ల స్పీడు 37.5కి పడిపోతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలు దిగుతుంది. బెల్టు రకమైతే ఆ మోడల్‌కి తగిన 50 హెర్ట్జ్ పుల్లీ వేయించాలి. డీసీ మోటారైతే ఈ బాధ లేదు.

పాత 78 రికార్డుల్లో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది. అర లీటరు డిస్టిల్డ్ వాటర్లో రెండు చుక్కల గిన్నెల సోపు చాలు, మధ్య లేబుల్ తడవకూడదు. బోరు నీళ్లు వద్దు, ఆరాక గాళ్లలో తెల్లటి పొర మిగులుతుంది. వీటికి వెడల్పు సూది వేరే ఉంటుంది. ఎల్పీలకి వాడే సన్నటి సూది గాడి అడుగున ఈడ్చుకుంటూ గరగరలాడుతుంది. ఆరబెట్టడం ఫ్యాను కిందే. రోహిణి కార్తెలో కారు సీటు మీద వదిలిన వినైల్ రికార్డు అప్పడంలా వంగిపోతుంది, మళ్లీ సాపు చేయడం కష్టం.