అవిసెల పొడి చేదెక్కకుండా

అవిసెల్లో ఒమేగా-3 కొవ్వు ఉంటుందని తెచ్చుకుంటాం. గింజలుగానే మింగితే చాలావరకు అరగవు, పొడి చేస్తే మా పాలమూరు ఎండలకు తొందరగా చేదెక్కుతుంది. అందుకే ఇప్పుడు కొంచెం కొంచెమే చేస్తున్నాను.

100 గ్రాముల అవిసెలు సన్న మంట మీద చిటపటలాడేదాకా వేయించాలి. 50 గ్రాముల పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఆరు ఎండు మిరపకాయలు విడివిడిగా. పూర్తిగా చల్లారాక ఉప్పు, జీలకర్ర, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు వేసి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. వేడి మీద పట్టినా, ఆపకుండా తిప్పినా నూనె ఊరి ముద్దవుతుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే పది రోజులు బాగుంటుంది. వేడి వేడి జొన్న రొట్టెలోకి రోజూ ఒక చెంచా చాలు, మా అత్తమ్మ కూడా ఇష్టంగా తింటుంది.

తడి చెంచా తగిలినా, పాత నూనె వాసన వచ్చినా ఆ పొడి పనికిరాదు, పారేయండి.